బెజవాడను నడిపించి చూపించేవాళ్లతో

(విజయవాడలో హెరిటేజ్ వాక్‌లకు గైడ్లుగా తయారవుతున్న కాలేజీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు మార్చకుండా రాసిన ప్రతి.)

అందరికీ నమస్కారం. పొద్దున్నే ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

మన ఊరివాళ్లనే ఎవర్నైనా అడిగి చూడండి, బెజవాడలో చూడ్డానికి ఏముంది అని. అమ్మవారి గుడి, బ్యారేజీ అంటారు. అక్కడితో ఆగిపోతారు. చరిత్ర కావాలంటే హైదరాబాదో, వరంగలో, హంపీయో వెళ్లమంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు కష్టంగా ఉంటుంది. మన ఊరికి కోటగోడ లేదు, నిజమే. లోపలికి అడుగుపెట్టగానే ఇదీ పాత పట్నం అనిపించే పెద్ద దర్వాజా కూడా లేదు. ఇక్కడి చరిత్ర కొండ మీద కొంత, కాలవ గట్టున కొంత, వన్ టౌన్ సందుల్లో కొంత, బందరు రోడ్డు మీద కొంత ఉంది. బండి మీద పోయేవాడికి ఇందులో ఏదీ కనపడదు. నడిచేవాడికే కనపడుతుంది, అదీ పక్కన తెలిసినవాళ్లు ఒకరుండి ఇటు చూడండి అంటేనే. ఆ తెలిసినవాళ్లు ఇకనుంచి మీరు కావాలి.

అందుకని ఇవాళ మీకు ఒక్క విషయం గట్టిగా చెప్పదలచుకున్నాను. మీరు ఏం చెప్పినా, దానికి ఆధారం ఎక్కడుందో వేలు పెట్టి చూపించగలగాలి. రాయి అయితే రాయి, కాగితం అయితే కాగితం. జనం చెప్పుకునే కథ అయితే, ఇది జనం చెప్పుకునే కథ అని చెప్పి మరీ చెప్పాలి. కథలు మానేయమని నేను అనడం లేదు. కథ లేకపోతే మన ఊళ్లో సగం ఊరు ఉండదు. కథను కథగా, శాసనాన్ని శాసనంగా చెప్పమంటున్నాను, అంతే. ఎక్కడెక్కడ ఎలా చెప్పాలో మన దారి పట్టుకునే చూద్దాం.

చాలామంది నడకను గుడి మెట్ల దగ్గర మొదలుపెడతారు. మీరు ప్రకాశం బ్యారేజీ దగ్గర మొదలుపెట్టండి. ఈ ఊరిని ఇంత ఊరిని చేసింది నీళ్లు. బ్యారేజీ మీద నిలబెట్టి ముందు రెండు వైపులా చూడమనండి. ఇటు ఇంద్రకీలాద్రి, అటు సీతానగరం కొండ. ఎంతో వెడల్పుగా వచ్చే కృష్ణ ఈ రెండు కొండల మధ్యా ఇరుకవుతుంది. ఆనకట్టకు ఇంజనీర్లు ఈ చోటు ఎందుకు ఎంచుకున్నారో అక్కడ నిలబడ్డవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు, కళ్లకే కనపడుతుంది.

అప్పుడు కరువు సంగతి ఎత్తండి. 1832, 33ల్లో వచ్చింది. నందన నామ సంవత్సరంలో వచ్చింది కాబట్టి నందన కరువన్నారు, డొక్కల కరువనీ అన్నారు. ఒక్క గుంటూరు జిల్లాలోనే ఐదు లక్షల జనంలో లక్షన్నర మంది పోయారని ఆనాటి లెక్కలు చెబుతున్నాయి. కృష్ణ ఊళ్ల పక్కనుంచే పారుతోంది, చేలు మాత్రం ఎండిపోయాయి. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు గానీ ఇక్కడ ఆనకట్ట పని మొదలు కాలేదు. ఆర్థర్ కాటన్ ఆలోచన, కెప్టెన్ ఛార్లెస్ ఓర్ దగ్గరుండి కట్టించిన కట్టడం, 1852 నుంచి 1855 దాకా. ఇవాళ మనం గాంధీ హిల్ అంటున్న కొండను ఒకప్పుడు ఆ ఓర్ దొర పేరుతోనే పిలిచేవాళ్లు. ఆ ఆనకట్ట దాదాపు వందేళ్లు నిలిచింది. 1952లో తెగింది. దాని చోట 1954లో మొదలుపెట్టి 1957కల్లా పూర్తి చేసిందే ఈ బ్యారేజీ. డెబ్బై గేట్లు, పన్నెండు వందల మీటర్ల పైచిలుకు పొడవు. ప్రకాశం పంతులుగారు ఆ ఏడాది మేలో కన్నుమూశారు, బ్యారేజీ డిసెంబరులో తెరిచారు. ఆయన పేరు పెట్టారు.

ఈ అంకెలన్నీ గడగడా అప్పజెప్పొద్దు. రెండు మూడు చాలు. దానికంటే ముఖ్యం, కాలవలు చూపించండి. ఇటువైపు బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవస్ కాలవ మన ఊరి నడిమధ్యలోంచే పోతాయి. అటు సీతానగరం వైపు నుంచి పడమటి కాలవ వెళ్తుంది. ఏలూరు కాలవ వెళ్లి గోదావరి కాలవలతో కలుస్తుంది. అటువైపు కొమ్మమూరు కాలవ బకింగ్‌హామ్ కాలవతో కలుస్తుంది. అంటే కాకినాడలో పడవెక్కిన బస్తా, సముద్రం మొహం చూడకుండా మద్రాసు చేరేది. మధ్యలో మజిలీ బెజవాడ. ఇవాళ ఏలూరు కాలవ వంతెన మీద ట్రాఫిక్‌లో ఆగినప్పుడు కింద కనపడే మురుగు చూసి జనం ముక్కు మూసుకుంటారు. ఈ నీళ్ల మీదనే ధాన్యం పడవలు నడిచాయని మీరు చెప్పినప్పుడు వాళ్ల మొహాలు చూడండి. కాలవ బాగుపడాలని కోరుకునేవాళ్లు ఒకరిద్దరు తయారవుతారు.

ఇక్కడే 2024 సెప్టెంబరు సంగతి కూడా చెప్పాలి. చరిత్ర అంటే పాతదే అనుకుంటారు. ఆ నెల మొదట్లో ఈ బ్యారేజీ మీదుగా పదకొండు లక్షల క్యూసెక్కులు దాటి నీళ్లు వెళ్లాయి. కొట్టుకొచ్చిన పడవలు గేట్ల దగ్గర కౌంటర్ వెయిట్లకు, అంటే గేట్లు ఎత్తడానికి కట్టిన బరువు దిమ్మెలకు గుద్దుకున్నాయి. మరోపక్క బుడమేరు వాగు గట్లు తెగి సింగ్‌నగర్ అంతా మునిగింది. మీలో కొందరి ఇళ్లల్లోకే వచ్చాయి ఆ నీళ్లు, నాకు తెలుసు. ఆ మాట మీ నోటితో మీరే చెప్పండి, మీ గోడ మీద నీళ్లు ఎంతవరకు వచ్చాయో చేత్తో చూపించి. ఏ పుస్తకంలోనూ దొరకని ఆధారం అది.

బ్యారేజీ నుంచి కొండ కిందికి రండి. అమ్మవారి గుడి దగ్గర రద్దీ ఎప్పుడూ ఉంటుంది. భక్తుల దారికి అడ్డం పడొద్దు. దర్శనానికి వెళ్లాలనుకున్నవాళ్లు తర్వాత తీరిగ్గా వెళ్తారు. మీరు మల్లేశ్వరస్వామి సంగతి చెప్పండి. మన ఊళ్లో అమ్మవారి పేరు అందరికీ తెలుసు, స్వామివారి గుడి ఎంత పాతదో చాలామంది పట్టించుకోరు.

ఇక్కడ ఒక కథ ఉంది. మాధవవర్మ అనే రాజు బెజవాడను ఏలేవాడు. ఆయన కొడుకు రథం కింద పడి, చింతచిగురు అమ్ముకునే ఒక పేదరాలి బిడ్డ చనిపోయాడు. ఆమె వచ్చి రాజుకు మొర పెట్టుకుంది. న్యాయం న్యాయమే అని రాజు కన్నకొడుక్కి మరణశిక్ష వేశాడు. ఆ ధర్మానికి మెచ్చి ఊరి మీద కనకవర్షం కురిసిందని, పోయిన ప్రాణాలు తిరిగి వచ్చాయని చెబుతారు. బంగారం కురిసిందన్నది కథ. మాధవవర్మ అనే పేరుతో విష్ణుకుండి రాజులు మాత్రం నిజంగానే ఉన్నారు, వాళ్ల రాగిశాసనాలు దొరికాయి. అదీ మీరు చెప్పాల్సిన తీరు: కథ పూర్తిగా, మనసు పెట్టి చెప్పండి, చెప్పాక ఇందులో రాతలో దొరికేది ఇంతవరకు అని చెప్పండి. విన్నవాళ్లకు కథ మీద ప్రేమ తగ్గదు, నా మాట నమ్మండి. అధికారంలో ఉన్నవాడి కొడుకు పేదరాలి బిడ్డను బండితో తొక్కించేస్తే ఏం జరగాలి అని ఈ ఊరు వందల ఏళ్లుగా కోరుకుంటూ వచ్చిందో ఆ కథలో ఉంది.

ఇప్పుడు శాసనానికి వద్దాం. నాకు ఇది ప్రాణం, కాబట్టి కాస్త ఎక్కువసేపు చెబుతాను.

మల్లేశ్వరస్వామి గుడి ఆవరణలో దొరికిన ఒక స్తంభం మీద పద్యాలున్నాయి. తూర్పు చాళుక్య రాజు యుద్ధమల్లుడు వేయించినవి. కాలం సుమారు 930. అంటే నన్నయగారు రాజమహేంద్రవరంలో భారతం మొదలుపెట్టడానికి వందేళ్ల పైమాటే ముందు. ఇక్కడ కుమారస్వామికి గుడి, మఠం ఉండేవని ఆ పద్యాలు చెబుతాయి. చేబ్రోలు నుంచి స్వామి జాతరకు బెజవాడ వచ్చి ఇక్కడే ఉండిపోయాడని వాటి ముచ్చట. చేబ్రోలు ఎక్కడో కాదు, గుంటూరు పక్కన. ఒక ఊరి దేవుడు ఇంకో ఊరి జాతరకు వచ్చి తిరిగి వెళ్లకపోవడం, వెయ్యేళ్ల కిందటి మాటైనా, మన పల్లెల్లో నిన్న జరిగినట్టుగా లేదూ?

మొదటి పద్యం మొదటి పాదం వినండి.

స్వస్తి నృపాంకుశాత్యంతవత్సల సత్యత్రిణేత్ర.

మీరూ అనండి నాతోపాటు. ఇంకోసారి. ఆ నడక చెవికి పట్టిందా? దీన్ని మధ్యాక్కర అంటారు. రెండు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం, మళ్లీ రెండు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. ఛందస్సు తెలియకపోయినా ఫర్వాలేదు, అడుగు వేస్తూ చదివితే అదే తెలుస్తుంది. వాక్‌లో ఈ పాదం అందరిచేతా పలికించండి. చిన్నపిల్లలు వస్తే వాళ్లచేత ముందు పలికించండి.

ఇందులో ఇంకో సంగతి ఉంది. విశ్వనాథ సత్యనారాయణగారు ఈ ఊళ్లోనే ఎస్ఆర్ఆర్ అండ్ సీవీఆర్ కాలేజీలో పాఠాలు చెప్పారు. ఆయనకు 1962లో సాహిత్య అకాడెమీ బహుమానం తెచ్చిన పుస్తకం విశ్వనాథ మధ్యాక్కఱలు. అదే ఛందస్సు! రాతి మీద బెజవాడలో చెక్కిన ఛందస్సును వెయ్యేళ్లకు బెజవాడలో కాపురమున్న కవి పట్టుకుని పుస్తకాలుగా రాశాడు. రెండిటికీ మధ్య నేను ఏ ముడీ వేయడం లేదు. ఒకే ఊళ్లో రెండూ ఉన్నాయి, ఆ సంగతి ఈ ఊరివాళ్లకు తెలియాలి. అంతే నా ఆరాటం.

పని సంగతి కూడా చెబుతాను. రాతి మీది పాత అక్షరాలు మామూలు కళ్లకు తెలుగని తెలియవు. అందుకని శాసనం అచ్చు కాగితం, పెద్ద సైజుది, ప్లాస్టిక్ కవర్లో పెట్టి దగ్గర ఉంచుకోండి. పక్కనే ఇప్పటి లిపిలో అదే పాదం రాసి పెట్టుకోండి. ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి ఇది త, ఇది వ, ఇది ల అని చూపించండి. ఒక్క అక్షరం పోల్చుకోగలిగినా చాలు, ఆ మనిషి ఇంటికెళ్లి పదిమందికి చెప్తాడు.

అక్కణ్ణుంచి కొండ అంచునే అక్కన్న మాదన్న గుహలకు వెళ్తాం. పేరు విని అందరూ పొరపాటు పడేది ఇక్కడే. అక్కన్న, మాదన్న గోల్కొండ తానీషా దగ్గర మంత్రులు, పదిహేడో శతాబ్దం వాళ్లు. ఈ గుహలు తొలిచింది వాళ్లకు వెయ్యేళ్ల ముందు, ఆరో ఏడో శతాబ్దాల్లో. మంత్రులిద్దరూ ఇక్కడ కూర్చుని కచేరీ నడిపారని ఊళ్లో చెప్పుకుంటారు, ఆ పేరు అలా నిలిచింది. పేరుకు ఒక వయసు, రాతికి ఒక వయసు. లోపలికి వెళ్లాక టార్చిలైటు ఎదురుగా కొట్టకండి, పక్కనుంచి గోడకు ఆనించినట్టు వేయండి. అప్పుడు ఉలి దెబ్బలు ఒక్కొక్కటీ లేచి కనపడతాయి. ఎటువైపు నుంచి కొట్టాడో, చెయ్యి ఎటు తిరిగిందో తెలుస్తుంది. ఎవరి పేరూ మిగలని పనివాళ్లు వాళ్లు. అక్కడ ఒక్క నిమిషం ఎవర్నీ మాట్లాడనివ్వకండి. గోడల మీద పేర్లు గీకేవాళ్లు కనపడితే మాత్రం ఊరుకోవద్దు. మర్యాదగానే చెప్పండి, కానీ చెప్పండి. మొగల్రాజపురం గుహలు, నది అవతల ఉండవల్లి నాలుగంతస్తుల గుహ ఒక్క పూట నడకలో పట్టవు, వాటికి వేరే రోజు పెట్టుకుందాం.

ఇక వన్ టౌన్. కెనాల్ రోడ్డు వినాయకుడి గుడి, రథం సెంటర్, బ్రాహ్మణ వీధి, సామారంగం చౌక్, ఇస్లాంపేట. ఇక్కడ మీరు తక్కువ మాట్లాడి ఎక్కువ చూపించాలి. తల పైకెత్తమనండి. కింద షట్టర్లు, ఫ్లెక్సీలు ఒకటే తీరుగా ఉంటాయి. పైఅంతస్తులో పాత ఇల్లు ఇంకా మిగిలుంటుంది: చెక్క పిట్టగోడ, సున్నపు నగిషీ, కట్టిన ఏడాది వేసిన అంకెలు. కొన్ని ఇళ్లకు వీధి అరుగులు ఇంకా ఉన్నాయి. అరుగు అంచు రాయి మధ్యలో నున్నగా గుంటపడి ఉంటుంది, మనుషులు కూర్చుని కూర్చుని. చేత్తో తడిమి చూడమనండి. ఆ ఇంటివాళ్లు గుమ్మంలో ఉంటే ముందు నమస్కారం పెట్టండి. అమ్మగారూ, ఒక్క నిమిషం మీ అరుగు చూసుకుంటాం అని అడగండి. కాదనేవాళ్లు నాకు ఇంతవరకు కనపడలేదు. లోపలికి రమ్మని మంచినీళ్లిచ్చి, మా మావగారు కట్టించారండీ అని మొదలుపెడతారు. అప్పుడు మీరు పక్కకు తప్పుకోండి. గైడ్ ఆవిడే.

అలాంటి ఇళ్లు రోజురోజుకీ తగ్గిపోతున్నాయి. ఇంటివాళ్లను తప్పుపట్టను. మూడు వాటాలైన ఇల్లు, కారుతున్న పెంకులు, పెరిగిన పన్ను, వాళ్ల బాధ వాళ్లది. కానీ పడగొట్టే ముందు ఫోటో అయినా తీసి పెట్టుకోవాలి కదా. ద్వారబంధం కొలతలైనా రాసుకోవాలి కదా. ఆ పని మీరు చేయాలి. ప్రతి వాక్‌కూ ఒక నోటుబుక్కు ఉండాలి. ఏ వీధిలో ఏ ఇల్లు, పెద్దవాళ్లు ఏం చెప్పారు, ఎవరు రాసుకున్నారు, ఏ తేదీ. ఇంటివాళ్లు ఒప్పుకుంటేనే పేర్లు రాయండి.

కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర ఆగి, అయ్యదేవర కాళేశ్వరరావుగారు ఎవరో చెప్పండి. ఈ ఊరి మున్సిపాలిటీకి పెద్దగా ఉన్నాడు, జైలుకెళ్లాడు, 1956లో ఆంధ్రప్రదేశ్ శాసనసభకు మొదటి స్పీకరయ్యాడు. కూరగాయల మార్కెట్ పేరుగా తప్ప ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు. రైల్వే స్టేషన్ గురించి ఒక్క ముక్క చాలు: 1888, 89ల్లో రైళ్లు రావడం, 1899కల్లా మద్రాసు లైను కలవడంతో పడవల బేరం మెల్లమెల్లగా పట్టాల మీదికి మారింది.

రెండో పూట నడక బందరు రోడ్డు మీద. అక్కడ మ్యూజియం. ఇప్పుడు బాపు మ్యూజియం అంటున్నాం, నిన్నమొన్నటిదాకా విక్టోరియా జూబిలీ మ్యూజియం. శంకుస్థాపన 1887 జూన్ 27న. వేసింది కృష్ణా జిల్లా కలెక్టరు రాబర్ట్ సీవెల్, అంతకు పదేళ్ల ముందు అమరావతి స్తూపం దగ్గర తవ్వించినాయన. లోపల అల్లూరు నుంచి తెచ్చిన నిలువెత్తు తెల్లరాతి బుద్ధుడున్నాడు. ఆ విగ్రహం ముందు తొందర పెట్టకండి ఎవర్నీ. వస్త్రం మడతలు చూడనివ్వండి.

ఈ ఆవరణతో ముడిపెట్టి చెప్పుకునేది 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో జరిగిన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం. కోటిమంది సభ్యులు, తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, ఇరవై లక్షల రాట్నాలు, ఇవీ ఆ సమావేశం పెట్టుకున్న లక్ష్యాలు. మన దగ్గర చాలామంది గైడ్లు ఇక్కడ నిలబడి, జాతీయజెండాను ఇక్కడే ఆమోదించారు అని ఒక్కమాటలో చెప్పేస్తారు. అలా చెప్పకండి. పింగళి వెంకయ్యగారు బెజవాడలో గాంధీగారికి జెండా నమూనా గీసి ఇచ్చారు. అందులో ఎరుపు, ఆకుపచ్చ ఉన్నాయి. రాట్నం ఉండాలన్న సలహా జలంధర్ లాలా హంసరాజ్‌గారిది. అది కమిటీ ముందు పెట్టడానికి కాస్త ఆలస్యంగా చేతికి వచ్చిందని గాంధీగారే ఆ ఏప్రిల్ 13న యంగ్ ఇండియాలో రాశారు. అలా ఆలస్యం కావడమే మంచిదైందని, ఆలోచించగా మిగతా మతాలవాళ్లకూ చోటుండాలని తోచి తెలుపు చేర్పించానని రాశారు. 1931లో రంగులు మారాయి. 1947 జూలై 22న రాజ్యాంగ సభ ఇప్పటి జెండాను ఆమోదించింది. చూశారా, నిజం ఎంత బాగుందో! ఒక మనిషి మూడు గంటల్లో గీసిచ్చిన నమూనా, అది ఆలస్యం కావడం, ఆ ఆలస్యంలో తెల్లరంగు రావడం. దీన్ని ఆమోదించారు అన్న ఒక్క మాటకింద కప్పెట్టేస్తే వెంకయ్యగారికి మనం చేసే గౌరవం పెరగదు, తగ్గుతుంది.

రామమోహన గ్రంథాలయం గురించీ చెప్పండి. 1914 ఏప్రిల్‌లో ఆంధ్రదేశపు గ్రంథాలయాలవాళ్లంతా మొదటిసారి కూడింది బెజవాడలో. అధ్యక్షులు చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు, నడిపించింది అయ్యంకి వెంకటరమణయ్యగారు. ఏలూరు రోడ్డు మీద ఇన్ని పుస్తకాల షాపులున్న ఊరు ఇదెందుకైందో ఆ దారిలో నడుస్తూ చెప్పుకుంటే బాగుంటుంది.

ఇక ఏర్పాట్ల సంగతి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకానే పెట్టుకోండి. ఆ నెలల్లో కూడా ఆరింటికల్లా బ్యారేజీ మీద ఉండాలి, తొమ్మిదిన్నరకు ముగించాలి. మన ఎండ మీకు నేను చెప్పాలా! దసరా రోజుల్లో, ముఖ్యంగా మూలా నక్షత్రం నాడు, తర్వాత భవానీ దీక్షల విరమణ రోజుల్లో కొండ కింద వాక్ వద్దు. ఆ దారులు ఆ రోజుల్లో భక్తులవి. ఇరవై మందిని మించనివ్వకండి. వన్ టౌన్ సందుల్లో అంతకంటే ఎక్కువమంది ఆగితే రిక్షా కదలదు, షాపువాడి బేరం చెడుతుంది. అందరికంటే నెమ్మదిగా నడిచే పెద్దాయన్ని మీ పక్కనే ఉంచుకోండి, నడక ఆయన అడుగుతో సాగాలి. ఆడవాళ్లకు ఏ మజిలీ దగ్గర బాత్‌రూమ్ వసతి ఉందో ముందురోజే వెళ్లి చూసుకోండి. దీన్ని చిన్న విషయమని వదిలేస్తే వాళ్లు రెండోసారి రారు.

తెలియని ప్రశ్న అడిగితే కల్పించి చెప్పొద్దు. నోటుబుక్కులో రాసుకుని, వాళ్ల ఫోన్ నంబరు తీసుకుని, వారంలోగా చదివి చెప్పండి.

వచ్చే ఆదివారం మనమే ఒకసారి నడుద్దాం. ఎవరికి ఏ మజిలీ అనేది ఇప్పుడే తేల్చుకుందాం. బ్యారేజీ ఎవరు తీసుకుంటారు? సింగ్‌నగర్ నుంచి వచ్చిన అమ్మాయి ఉందిగా, నువ్వు తీసుకో తల్లీ. శాసనానికి ఇద్దరు కావాలి, ఒకరు కాగితం పట్టుకోవాలి, ఒకరు పద్యం చదవాలి. గొంతు బాగున్నవాళ్లు చేతులెత్తండి.